అమ్మ కువైట్‌లో ఖల్లివెల్లి (యజమాని ఇల్లు వదిలేసి కాగితాల్లేకుండా ఉంటోంది), కాలికి పుండు. ఆసుపత్రికి ఎలా వెళ్లాలి?

లంకపిల్ల
సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారమండి. గల్ఫ్ సంగతులు తెలిసినవాళ్లు ఇక్కడ ఉంటారని పక్కింటి అన్నయ్య చెప్తే చేరాను. మాది మలికిపురం దగ్గర. అమ్మ 2022లో కువైట్ వెళ్లింది, ఇంటిపని వీసా. ఏజెంటు ముందు విజిట్ మీద దుబాయ్ పంపి, అక్కడ నెల రోజులు ఒక గదిలో ఉంచి, తర్వాత కువైట్ విమానం ఎక్కించాడు.

ఆ ఇంట్లో పద్నాలుగు నెలలు చేసింది. అందులో ఆరు నెలల జీతం ఇవ్వలేదు. రాత్రి ఒంటిగంటకి పడుకుంటే తెల్లారి ఐదుకి లేపేవారట. ఒకరోజు చెత్త పారేయడానికని బయటికొచ్చి మళ్లీ లోపలికి వెళ్లలేదు. పాస్‌పోర్టు, బతాకా (అక్కడి గుర్తింపు కార్డు) వాళ్ల దగ్గరే ఉండిపోయాయి. అప్పట్నుంచి హసావి అనే పేటలో మరో ఐదుగురు ఆడవాళ్లతో ఒక రూములో ఉంటూ గంటల పని చేసుకుంటోంది.

అమ్మకి షుగరు. కుడికాలి బొటనవేలి కింద బొబ్బ లేచి, పగిలి పుండైంది. మూడు వారాలైంది, మానట్లేదు. క్లినిక్‌కి వెళ్తే బతాకా అడుగుతారని, లేదంటే పోలీసుల్ని పిలుస్తారని భయపడుతోంది. ఆదివారం మా ఊరి ఆవిడ సెలవు అయిపోయి తిరిగి కువైట్ వెళ్తోంది, ఆవిడ చేతికి మందులు ఇచ్చి పంపుదామనుకుంటున్నాను. అసలు ఆసుపత్రికి వెళ్లే దారేదైనా ఉందా? ఇంటికి రావాలంటే ఎవర్ని అడగాలి? నాన్న లేరు. నేను డిగ్రీ రెండో సంవత్సరం, తమ్ముడు ఇంటర్.

ఫర్వానియా పిన్ని
సోమవారం, రాత్రి 10:05

అమ్మా, నేను అక్కడ ఆరేళ్లు ఖల్లివెల్లిగా ఉండి వచ్చినదాన్నే. ముందు ఇవి చెప్పు. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, కేసేదైనా పెట్టాడా? పారిపోయిందని మాత్రమే రాయించాడా, దొంగతనం అని కూడా రాయించాడా? పాస్‌పోర్టు జిరాక్సు మీ దగ్గరుందా? అమ్మకి జ్వరం వస్తోందా?

ఆ భయం సంగతి నాకు తెలుసు. నా పక్క మంచం మనిషి కడుపునొప్పితో మూడు రోజులు మెలికలు తిరిగింది కానీ ఆసుపత్రి మాట ఎత్తనివ్వలేదు. పోలీసు బండి చప్పుడు వింటే నొప్పి కూడా మర్చిపోయేది.

గట్టు మీద రాజు
సోమవారం, రాత్రి 10:31

ఏమీ అనుకోకండి. వీసా రూల్స్ దాటి అక్రమంగా ఉన్నవాళ్లకి ఆ దేశం వైద్యం ఎందుకు చెయ్యాలి? మన దగ్గర ఎవరైనా అలా ఉంటే ఊరుకుంటామా? పారిపోయేముందే ఆలోచించుకోవాలి కదండీ.

ఫర్వానియా పిన్ని
సోమవారం, రాత్రి 10:44

రాజుగారూ, వీసా మనిషికిచ్చింది కాదండి, ఆ ఇంటికిచ్చింది. అకామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి, కఫీల్ పేరు మీద ముడేసి ఉంటుంది. జీతం ఇవ్వని ఇంట్లోంచి బయటికి అడుగు పెట్టిందంటే, ఆ అడుగుతోనే అక్రమం అయిపోతుంది. ఇంకేం చెయ్యక్కర్లేదు. మీరు కొబ్బరికాయల మండీలో కూలికెళ్లి, డబ్బివ్వకపోతే ఇంకో మండీకి పోతారు. అక్కడ అలా పోతే జైలు.

కువైట్‌లో ఇంటి పనివాళ్లకి చట్టం లేదనుకుంటారు. ఉంది. 2015లో 68వ నంబరు చట్టం చేశారు. రోజుకి 12 గంటలు మించి పని చేయించకూడదు, వారానికి ఒకరోజు సెలవు, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. కనీస జీతం 60 దినార్లన్నారు ఆ తర్వాత. నేనున్న మూడిళ్లలో ఆ కాగితం చూసినవాళ్లు ఒక్కరూ లేరు.

లంకపిల్ల
సోమవారం, రాత్రి 11:20

పిన్నీ, కేసు సంగతి అమ్మకి తెలీదు. పారిపోయిందని రాయించి ఉంటాడనే అనుకుంటోంది. అందుకే 2024లో క్షమాభిక్ష (కాగితాల్లేనివాళ్లు ఇంటికి పోవడానికి ఇచ్చే గడువు) వచ్చినప్పుడు కూడా వెళ్లలేదు. వేలిముద్ర వేస్తే దొంగతనం కేసు బయటపడుతుందని రూములోవాళ్లు భయపెట్టారట.

పాస్‌పోర్టు జిరాక్సు ఉంది. మొదటి పేజీ ఒక్కటే, కొంచెం మసగ్గా. జ్వరం రెండు రోజులుగా వచ్చిపోతోంది అంది. కాలు చీలమండ దాకా ఎర్రగా ఉంది.

మందుల కొట్టు బాబాయ్
మంగళవారం, ఉదయం 7:15

రాజోలులో ముప్పై ఏళ్లుగా మందుల షాపమ్మా నాది. ఆదివారం పంపే మందుల పేర్లు ఒక్కసారి ఇక్కడ రాయి. అవి చూడకుండా ఎవరి చేతికీ ఇవ్వొద్దు.

లంకపిల్ల
మంగళవారం, ఉదయం 7:50

మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, పుండుకి ఒక యాంటీబయాటిక్, కాళ్ల మంటలకి ప్రీగాబలిన్, నిద్ర పట్టట్లేదంటే అల్‌ప్రాజొలాం. అన్నీ ఆరు నెలలకి సరిపడా కొన్నాను.

మందుల కొట్టు బాబాయ్
మంగళవారం, ఉదయం 8:02

చివరి రెండూ తీసెయ్. ఇప్పుడే తీసెయ్. బాక్సులోంచి తీసి బీరువాలో పెట్టి నాకు చెప్పు.

ప్రీగాబలిన్ మన దగ్గర షుగరు మంటలకి డాక్టర్లు మామూలుగా రాసే గోళీ. కువైట్‌లో దాన్ని మాదకద్రవ్యాల లెక్కలో చూస్తారు, లిరికా అన్న పేరు అక్కడ పోలీసులకి బాగా తెలుసు. అల్‌ప్రాజొలాం, ట్రమడాల్, కోడీన్ కలిసిన దగ్గు సిరప్ కూడా అంతే. ఆరు నెలల గోళీలు, అవీ ఇంకొకరి పేరు మీద, దొరికితే మోసుకెళ్లినావిడ జైల్లో పడుతుంది. ఆవిడ చేసిన పాపమేంటి? పచ్చడి సీసాలతో పాటు ఏముందో తెలీకుండా తీసుకెళ్తున్నారు మన ఆడవాళ్లు. ఎవరి కవరైనా విప్పి చూడకుండా సూట్‌కేసులో పెట్టుకోవద్దని ఇక్కడ చదివేవాళ్లందరికీ చెప్తున్నా.

మిగతావి పంపేటప్పుడు అసలు డబ్బాలోనే, స్ట్రిప్పులు కత్తిరించకుండా, ప్రిస్క్రిప్షన్‌తో సహా.

కాకినాడ డాక్టరమ్మ
మంగళవారం, మధ్యాహ్నం 1:30

ఓపీ మధ్యలో రాస్తున్నాను, పొట్టిగా చెప్తాను.

మనిషిని చూడకుండా యాంటీబయాటిక్ చెప్పలేను, ఎవరు చెప్పినా నమ్మకండి. షుగరు మనిషికి పాదంలో పుండు, చీలమండ దాకా ఎరుపు, జ్వరం. ఇది మందులు పంపే కేసు కాదు, ఆసుపత్రికి వెళ్లే కేసు. ఆదివారం దాకా ఆగేది కూడా కాదు. వేలు నల్లబడినా, వాసన వచ్చినా, వణుకుతో జ్వరం వచ్చినా, మాట తడబడినా గంటల లెక్క. నొప్పి లేదు కాబట్టి ఫర్వాలేదని అమ్మగారు అంటారు. షుగరుతో నరాలు మొద్దుబారితే నొప్పి తెలీదు. నొప్పి లేకపోవడమే అక్కడ ప్రమాదం.

గ్లిమెపిరైడ్ ఒక్క మాట. పని హడావుడిలో తిండి మానేసి ఆ గోళీ వేసుకుంటే షుగరు పడిపోయి స్పృహ తప్పుతుంది. తిననప్పుడు వేసుకోవద్దని చెప్పండి.

హసావి నుంచి
మంగళవారం, సాయంత్రం 5:10

నేను ఇక్కడే ఉంటాను, డ్రైవరుగా. మన ఆడవాళ్లు చాలామంది వేరేవాళ్ల బతాకా పట్టుకుని క్లినిక్‌కి వెళ్లి చూపించుకుంటారండి. ఫొటో ఎవరూ అంత జాగ్రత్తగా చూడరు, బురఖా కూడా ఉంటుంది. అర్జెంటు కాబట్టి అలా ప్రయత్నించొచ్చేమో. తప్పయితే క్షమించండి.

ఫర్వానియా పిన్ని
మంగళవారం, సాయంత్రం 5:36

వద్దు తమ్ముడూ. నువ్వు మంచికే చెప్పావు, అయినా వద్దు. మా రూములో అలాగే జరిగింది. ఒకావిడ ఇంకొకావిడ కార్డు మీద చేరింది. గుండె ఆగి పోయింది. ఆసుపత్రి కాగితాల్లో చచ్చిపోయిన పేరు బతికున్నావిడది. పోయినావిడ శవం ఎవరిదో తేల్చడానికి నెలలు పట్టింది. పాలకొల్లు వైపు వాళ్లు. ఇంటిదగ్గర దినం ఎప్పుడు పెట్టుకోవాలో కూడా తెలీలేదు వాళ్లకి.

కాకినాడ డాక్టరమ్మ
మంగళవారం, సాయంత్రం 6:00

పిన్నిగారు చెప్పినదానికి ఇంకోటి. కార్డు మారితే ఫైలు మారుతుంది. ఆ ఫైల్లో షుగరు ఉండదు, ఏ మందు పడదో ఉండదు. వేరేవాళ్ల ఫైలు చూసి మీ అమ్మకి ఇంజెక్షన్ ఇస్తారు.

డాలస్ బావ
మంగళవారం, రాత్రి 8:45

మాది భీమవరం, ఇరవై ఏళ్లుగా టెక్సాస్. ఇక్కడ కూడా స్టేటస్ పోగొట్టుకున్న మనవాళ్లు ఉన్నారు. హెచ్1బీ ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకోటి చూసుకోవాలి, లేదా బయల్దేరాలి. కొందరు బయల్దేరరు. వైద్యం విషయంలో మాత్రం 1986లో చేసిన ఒక చట్టం ఉంది. ప్రాణం మీదికొస్తే ఎమర్జెన్సీ వాళ్లు ముందు చూడాలి, కాగితాలు, డబ్బు తర్వాత. బిల్లు మాత్రం ఇంటికొస్తుంది, చూస్తే రెండో జబ్బు వస్తుంది. ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకునే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు కూడా ఉంటాయి. వింత ఏంటంటే, ఇమ్మిగ్రేషన్ కోర్టులో ప్రభుత్వం లాయర్ని ఇవ్వదు. దొంగకి ఇస్తుంది, వీసా అయిపోయినవాడికి ఇవ్వదు.

కువైట్‌లో అలాంటి ఎమర్జెన్సీ చట్టం ఉందా?

హసావి నుంచి
మంగళవారం, రాత్రి 9:20

చట్టం సంగతి నాకు తెలీదు బావగారూ. చూసింది చెప్తాను. ఇక్కడ అకామా కట్టేటప్పుడే ఆరోగ్య బీమా కూడా కడతారు. అకామా పోయిందా, బీమా కూడా పోయినట్టే. చిన్న క్లినిక్‌లో బతాకా లేకుండా టోకెన్ ఇవ్వరు. పెద్దాసుపత్రి క్యాజువాలిటీ వేరు. మొన్నామధ్య ఒక అన్నయ్యని తీసుకెళ్లాను, అకామా లేదు, ఛాతీనొప్పి. ముందు లోపలికి తీసుకెళ్లి సెలైన్ పెట్టారు. తర్వాతే ఆసుపత్రిలో ఉండే పోలీసు వచ్చి పేరు రాసుకున్నాడు. అన్నయ్య బతికాడు. నెల తర్వాత ఇంటికెళ్లాడు. పోలీసు వచ్చాడు, నిజమే. కానీ వైద్యం ఆపలేదు. అందరికీ ఇలాగే జరుగుతుందని నేను చెప్పలేను.

ప్లీడరు గుమస్తా
మంగళవారం, రాత్రి 10:30

ఆయ్, ఇక నా వంతు. నేను ప్లీడర్ని కాను, ప్లీడరుగారి దగ్గర ఇరవై రెండేళ్ల గుమస్తాని. గల్ఫ్ కాగితాలు చాలా టైపు చేశాను. లంకపిల్లా, నీ చేతిలో రెండు పనులున్నాయి. ఒకటి అమ్మని ఆసుపత్రికి పంపడం. అది డాక్టరమ్మగారు చెప్పారు. రెండోది ఆవిడ ఆసుపత్రిలో అడుగుపెట్టేలోపే మన ఎంబసీకి ఆవిడ పేరు తెలిసుండటం. ఇది నువ్వు ఇంట్లో కూర్చుని చెయ్యొచ్చు.

విదేశాంగ శాఖది మదద్ అని ఒక పోర్టల్ ఉంది, 2015లో మొదలైంది. ఫిర్యాదు ఇంటివాళ్లు కూడా పెట్టొచ్చు. పేరు, పాస్‌పోర్టు నంబరు, కఫీల్ పేరు తెలిస్తే అది, ఇప్పుడు ఎక్కడుందో, జబ్బేమిటో. ఏడుస్తూ పెద్ద ఉత్తరం రాయకు, నాలుగు వాక్యాలు చాలు. ఆ నంబరు వచ్చాక దాన్ని పట్టుకునే మిగతావాళ్లందర్నీ అడగాలి. ప్రవాసాంధ్రుల కోసం మన రాష్ట్రం పెట్టిన ఏపీఎన్ఆర్‌టీ సొసైటీకి కూడా అదే నంబరుతో రాయి. అమలాపురం కలెక్టరేట్‌లో వలస వెళ్లినవాళ్ల కోసం ఒక కేంద్రం పెట్టారు, అక్కడికి మనిషివే వెళ్లు. ఫోన్‌కన్నా మనిషి కనపడితే పని కదులుతుంది మన దగ్గర.

డబ్బు సంగతి. ప్రతి ఎంబసీలో భారతీయుల సంక్షేమ నిధి ఒకటుంటుంది, 2009 నుంచి ఉంది, 2017లో నిబంధనలు మార్చారు. స్తోమత లేనివాళ్లకి ఇంటి టికెట్టు, ఉండటానికి చోటు, ప్రాణం మీదికొచ్చిన వైద్యం, లాయరు ఖర్చు, పోతే శవం పంపడం దాంట్లోంచి చెయ్యొచ్చు. అడిగితేనే. అడగనివాళ్లకి ఆ నిధి ఉందనే తెలీదు. ప్రవాసీ భారతీయ బీమా అని పది లక్షలది ఇంకోటి ఉంది, కానీ అది ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే పనికి విదేశం వెళ్లడానికి మన ప్రభుత్వం ఇచ్చే అనుమతి, తీసుకుని వెళ్లినవాళ్లకి. మీ అమ్మని విజిట్ అని దుబాయ్ తిప్పి పంపాడు కదా, వాడు ఎగ్గొట్టింది సరిగ్గా ఆ క్లియరెన్సునే. రెండేళ్లకి 275 రూపాయల ప్రీమియం మిగిల్చాడు మహానుభావుడు.

లంకపిల్ల
బుధవారం, ఉదయం 6:30

రాత్రే మదద్‌లో పెట్టాను, నంబరు వచ్చింది. గోళీలు తీసేశాను బాబాయ్. అమ్మ ఇంకా ఒప్పుకోవట్లేదు. నన్ను పట్టుకుంటే మీ ఫీజు ఎవరు కడతారు అంటోంది. పదహారు వేలు పంపింది మొన్న కూడా.

గట్టు మీద రాజు
బుధవారం, ఉదయం 8:00

నేను మొన్న రాసింది వెనక్కి తీసుకుంటున్నానండి. కలెక్టరేట్‌కి వెళ్లడానికి తోడు కావాలంటే మా ఆవిడ వస్తుంది. మాది అంబాజీపేట, దగ్గరే.

లంకపిల్ల
బుధవారం, మధ్యాహ్నం 3:15

ఏజెంటు ఇంటికొచ్చాడు. మాకు వరసకి మావయ్యే అవుతాడు. ఎంబసీకి ఎందుకు రాశావని అరిచాడు. కఫీల్ అమ్మ కోసం పన్నెండు వందల దినార్లు పోశాడట, అది తిరిగి కడితేనే పాస్‌పోర్టు ఇస్తాడట. మూడు లక్షలు సర్దితే తనే మాట్లాడి పంపిస్తానన్నాడు. ఇంటి పట్టా పెట్టమన్నాడు. నానమ్మ సంతకం చేసేలా ఉంది.

ప్లీడరు గుమస్తా
బుధవారం, మధ్యాహ్నం 3:22

చెయ్యనివ్వకు. నానమ్మ చేతిలోంచి పెన్ను లాక్కో, తర్వాత నేను సర్దిచెప్తాను.

పాస్‌పోర్టు లేకపోయినా ఇంటికి రావచ్చు. ఎంబసీ అవుట్‌పాస్ ఇస్తుంది, అది ఒకసారి ఇంటికి రావడానికి పనికొచ్చే కాగితం. దానికి నీ దగ్గరున్న మసక జిరాక్సు చాలు, నంబరు కనబడితే చాలు. ఏ కాగితమూ లేనివాళ్లకే ఊరి పోలీసుల ద్వారా విచారణ జరిగి ఆలస్యం అవుతుంది. కఫీల్ దగ్గరున్న పాస్‌పోర్టు కోసం మూడు లక్షలు పెట్టడం అంటే పాడైన తాళంచెవి కోసం ఇల్లమ్ముకోవడం.

లైసెన్సున్న ఏజెంటు కూడా తీసుకోగలిగిన గరిష్ఠ ఫీజు ముప్పై వేలు, ఆపైన జీఎస్టీ. మీ మావయ్యకి లైసెన్సు ఉందా? విదేశాంగ శాఖ ఈమైగ్రేట్ సైటులో పేరు కొట్టి చూడు. అయినా 2016 నుంచి ఈ దేశాలకి ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లని ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలి, వయసు ముప్పై దాటాలి. ప్రైవేటు ఏజెంటు పంపడమే తప్పు.

ఫిర్యాదు పెట్టాలనుకుంటే 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద పెట్టొచ్చు. రెండేళ్ల దాకా జైలు. మామూలుగా దానికి కేంద్రం అనుమతి కావాలి. కానీ వెళ్లిన మనిషి గానీ, తల్లి, తండ్రి, భర్త, పిల్లలు గానీ ఫిర్యాదు ఇస్తే అది అక్కర్లేదు. నువ్వు కూతురివి. పంపింది 2022లో కాబట్టి మోసం, మనుషుల రవాణా సెక్షన్లు పాత ఐపీసీవే పడతాయి, 2024 జూలై తర్వాత వచ్చిన కొత్తవి కాదు. స్టేషన్లో కొత్త నంబర్లు రాస్తుంటే గుర్తు చెయ్యి.

లాయరు ఫీజు గురించి భయపడకు. ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయసేవాధికార సంస్థ లాయర్ని ఇస్తుంది, 1987 చట్టం. 15100కి ఫోన్ చేసినా చెప్తారు.

ఫర్వానియా పిన్ని
బుధవారం, సాయంత్రం 4:00

వరసకి మావయ్య. నన్ను పంపింది మా సొంత ఆడపడుచు. ఆవిడ కూతురి పెళ్లికి నేనే కువైట్ నుంచి గొలుసు పంపాను.

అమ్మ నంబరు నాకు ప్రైవేటుగా పంపు. నేను మాట్లాడతాను. నువ్వు చెప్తే కూతురు భయపడుతోందనుకుంటుంది, నేను చెప్తే వేరు.

లంకపిల్ల
బుధవారం, రాత్రి 11:50

వేలు నల్లబడింది. రూములో అక్క వీడియో చూపించింది. నాకేమీ అర్థం కావట్లేదు.

కాకినాడ డాక్టరమ్మ
బుధవారం, రాత్రి 11:53

ఇప్పుడే క్యాజువాలిటీకి. టాక్సీలో. గోళీల స్ట్రిప్పులన్నీ చేతిలో పట్టుకెళ్లమనండి. ఆఖరిసారి ఎప్పుడు తిన్నారో, ఏం వేసుకున్నారో తోడు వెళ్లేవాళ్లు చెప్పాలి. అసలు పేరే చెప్పమనండి.

హసావి నుంచి
గురువారం, తెల్లవారుజామున 12:04

నేను పది నిమిషాల దూరంలో ఉన్నాను. లొకేషన్ పంపు చెల్లీ.

మందుల కొట్టు బాబాయ్
గురువారం, ఉదయం 6:10

ఏమైందమ్మా?

హసావి నుంచి
గురువారం, ఉదయం 6:40

చేర్చుకున్నారు. పిన్నిగారు దారంతా ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నారు, అందుకే ఆవిడ బండి దిగింది. షుగరు 480 చూపించింది. బతాకా అడిగారు, లేదన్నాను. ఇండియన్, ఎంబసీకి ఫిర్యాదు నంబరు ఉంది అని ఫోన్లో చూపించాను. రాసుకున్నారు. పోలీసు కూడా వచ్చి రాసుకున్నాడు. అమ్మ ఏడ్చింది, కానీ సూది పెట్టేశారు. డ్యూటీ ఉంది, మధ్యాహ్నం మళ్లీ వెళ్తాను.

లంకపిల్ల
ఆదివారం, సాయంత్రం 7:00

ఇన్ని రోజులు రాయలేకపోయాను, క్షమించండి. బొటనవేలు, దాని పక్క వేలు తీసేశారు. పాదం ఉంది. ఇంకో రోజు ఆగి ఉంటే పాదం కూడా పోయేదని అక్కడి మలయాళీ నర్సమ్మ చెప్పిందట. ఎంబసీ నుంచి ఒకాయన వచ్చి అమ్మని చూశాడు. మదద్ నంబరు చెప్పగానే పేరు వెతికి పట్టుకున్నారు. కఫీల్ పెట్టింది పారిపోయిన కేసు ఒక్కటే. దొంగతనం కేసు లేనే లేదు. రెండేళ్లు లేని కేసుకి భయపడి దాక్కుంది.

మావయ్య మళ్లీ రాలేదు. రాజుగారి ఇంటావిడ, నేను అమలాపురం వెళ్లొచ్చాం.

ఫర్వానియా పిన్ని
ఆదివారం, సాయంత్రం 7:25

లేని కేసు! 2018లో నేనూ అంతే. జనవరి 29న క్షమాభిక్ష మొదలైతే మొదటి నెల అంతా దాక్కునే ఉన్నాను. ఏప్రిల్ 22 దాకా పొడిగించారు కాబట్టి బతికిపోయాను. 2020 ఏప్రిల్‌లో వచ్చినదానికి ధైర్యం చేసి పేర్లిచ్చినవాళ్లు, కరోనా వల్ల మన విమానాలు లేక క్యాంపుల్లో చిక్కుకున్నారు. మనవాళ్లని తీసుకురావడానికి వేసిన వందే భారత్ విమానాలు మే 7న గానీ మొదలుకాలేదు. ఆ కథలు విని 2024లో చాలామంది కదల్లేదు. మార్చి 17 నుంచి జూన్ 30 దాకా టైము ఉండి కూడా.

ఇక నుంచి ఏం జరుగుతుందో చెప్తాను, భయపడకుండా ఉండటానికి. ఆసుపత్రి నుంచి నేరుగా ఎయిర్‌పోర్టుకి పంపరు. మామూలుగా డిపోర్టేషన్ సెంటరుకి తీసుకెళ్తారు, లేదా ఎంబసీ షెల్టరుకి. కాలు అలా ఉంది కాబట్టి షెల్టరే అడగమను. వేలిముద్రలు తీస్తారు, అవుట్‌పాస్, టికెట్టు. డిపోర్ట్ అయితే మళ్లీ ఆ దేశం వెళ్లడానికి ఉండదు. ఆ మాట అమ్మకి ఇప్పుడే చెప్పకు. ఆరు నెలల జీతం సంగతి మాత్రం బయల్దేరేలోపే ఎంబసీలో రాయించమను. విమానం ఎక్కాక ఎవరూ వినరు.

ప్లీడరు గుమస్తా
ఆదివారం, రాత్రి 8:10

జీతం కోసం ఎంబసీలో పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చి రావచ్చు, ఆవిడ లేకపోయినా అక్కడి లాయరు నడపడానికి. వస్తుందని హామీ ఇవ్వలేను. నేను టైపు చేసిన తొమ్మిది కేసుల్లో రెండింటికి వచ్చింది.

లంకపిల్ల
మూడు వారాల తర్వాత, శనివారం, ఉదయం 10:20

అమ్మ వచ్చింది. హైదరాబాద్‌లో దిగింది, నేను, తమ్ముడు వెళ్లాం. నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో పాలకొల్లు దిగి ఆటోలో వచ్చాం. చించినాడ బ్రిడ్జి మీద ఆటో ఆపమంది. కాసేపు గోదారి చూసింది. ఏమీ మాట్లాడలేదు.

ఇప్పుడు డ్రెస్సింగుకి రోజు మార్చి రోజు తీసుకెళ్తున్నాను. ఎన్టీఆర్ వైద్యసేవలో చూపిద్దామంటే బియ్యం కార్డులో అమ్మ పేరు లేదు. ఈకేవైసీ వెయ్యలేదని ఎప్పుడో తీసేశారు. సచివాలయంలో అడిగితే, ఊళ్లో ఉంటున్నట్టు కాగితం తెమ్మన్నారు. అక్కడ కాగితం లేదని భయపడ్డాం, ఇక్కడ కూడా కాగితమే.

గట్టు మీద రాజు
శనివారం, ఉదయం 11:05

సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ పెడదాం. అవుట్‌పాస్, ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, ఆధార్ జిరాక్సులు తీసి ఉంచమ్మా. బండి నేను తెస్తాను, అమ్మ నడవక్కర్లేదు.

కాకినాడ డాక్టరమ్మ
శనివారం, మధ్యాహ్నం 2:00

కార్డు వచ్చేదాకా ఆగొద్దు. ప్రభుత్వాసుపత్రిలో డ్రెస్సింగుకి, ఇన్సులిన్‌కి కార్డు అక్కర్లేదు. ఎడమ పాదం కూడా రోజూ అద్దం పెట్టి అడుగున చూడండి. చెప్పులు లేకుండా ఇంట్లో కూడా నడవనివ్వొద్దు.

కొత్తసభ్యురాలు
శనివారం, రాత్రి 9:30

ఈ చర్చ మొత్తం చదివాను. మా వదిన మస్కట్‌లో ఉంది, పాస్‌పోర్టు యజమాని దగ్గరుంది, ఇంట్లోంచి వచ్చేసి ఏడు నెలలు. ఇప్పుడు కడుపుతో ఉంది, ఆరో నెల. పెళ్లి కాగితం లేకపోతే ఆసుపత్రిలో కాన్పు చెయ్యరని ఎవరో చెప్పారట, అందుకని ఒక్కసారి కూడా స్కానింగుకి వెళ్లలేదు. అన్నయ్య కూడా అక్కడే, అకామా ఉంది. పెళ్లి గుళ్లో జరిగింది, రిజిస్టర్ చెయ్యలేదు. ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?

ప్లీడరు గుమస్తా
శనివారం, రాత్రి 9:41

పెళ్లి ఏ ఊళ్లో జరిగిందమ్మా? ఫొటోలు, పురోహితుడు, సాక్షులు ఉన్నారా? ముందు అది చెప్పు.